బండి బాగుందా, అన్నయ్యా?

డిసెంబరు మొదటివారంలో ఢిల్లీలో దిగాను. పొద్దున ఏడు గంటలు. స్టేషన్ బయట ఎదుటి మనిషి మొహం కనిపించనంత పొగమంచు. అంతకుముందు రెండేళ్లు కొండల మీద, గడ్డకట్టిన దారుల్లో బండి తోలి వచ్చినవాణ్ని. చలి నాకు కొత్త కాదు. ఈ పొగ కొత్త. గొంతు గీరుకుంటూ లోపలికి దిగింది.

"ఢిల్లీ పోస్టింగా! ఇంకేం, దర్జా!" అన్నారు మా ఊళ్లో. ఇప్పటికీ అంటారు. తూటా లేదు, బాంబు లేదు, అక్కడ నీకేం కష్టం అని. చెబుతాను వినండి. సర్వీసు మొత్తంలో నేను నిజంగా వణికింది అక్కడే. అదీ ఒక బ్యాటరీ వల్ల.

మా క్యాంపు వసంత్ కుంజ్ దాటాక. ముందు గేటు, తర్వాత బండ్ల షెడ్డు, షెడ్డు వెనక ఫ్యామిలీ క్వార్టర్లు. నాకు అప్పజెప్పింది చిన్న అంబులెన్స్. వ్యాను లాంటిది. మీ కార్లలో ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీయే దానికీ. షెడ్డులో మిగతావన్నీ ఇరవైనాలుగు వోల్టుల లారీలు, వాటి బ్యాటరీ దీనికి పనికిరాదు. వెనక స్ట్రెచరు, పక్కన బెంచీ, బెంచీ కింద ఆక్సిజన్ సిలిండరు పెట్టే ఇనప పెట్టె. క్యాంపు మొత్తానికి ఆ అంబులెన్సు ఒక్కటే. సుబేదార్ సాబ్ హర్యానా మనిషి, మాటలు తక్కువ. మొదటిరోజే ఆర్డరిచ్చాడు.

"హవల్దార్, ఏక్ సెల్ఫ్. దూస్‌రా నహీ."

తాళం ఒకసారి తిప్పితే ఇంజను పలకాలి. రెండోసారి అనేది ఉండకూడదు.

ఆ క్వార్టర్లలో సువార్త ఉండేది. మా పక్కూరి ప్రసాదు భార్య. ప్రసాదు కొండల మీద నాతో పనిచేసినవాడే. మంచు పడి దారి మూసుకుపోయి అక్కడే చిక్కుకుపోయాడు. ఆమెకు ఎనిమిదో నెల, పైగా బీపీ. తలనొప్పి ఎక్కువైనా, కళ్లు మసకలు కమ్మినా ఒక్క నిమిషం ఆగవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండం. బాపట్ల నుంచి రావాల్సిన వాళ్లమ్మ, పొగమంచుకు రైళ్లు రద్దయి, రేపు మాపు అంటూ అక్కడే ఉండిపోయింది. నేను కొండ దిగే రోజు ప్రసాదు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నా, నువ్వున్నావనే నా ధైర్యం" అన్నాడు.

సాయంత్రం పూట సువార్త శాలువా కప్పుకుని షెడ్డు దాకా మెల్లగా నడిచి వచ్చేది.

"అన్నయ్యా, బండి బాగుందా?"

ఒంట్లో ఎలా ఉందని నేను ఆమెను అడగాలి. ఆమె వచ్చి బండి క్షేమం అడిగేది.

"గుర్రంలా ఉంది తల్లీ" అనేవాణ్ని. అప్పటికి అది నిజమే.

ఇంతలో జనరల్ సాబ్ తనిఖీకి వస్తున్నారన్నారు. పట్టాళంలో తనిఖీ అంటే రంగు. రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు జాజు, నిప్పార్పే బకెట్లకు ఎరుపు. మా అంబులెన్సును కూడా లోపలి పెట్టెతో సహా ఊడదీశారు. మూతలు, బోల్టులు, రబ్బర్లు పీకి, తెల్లరంగు కొట్టి, మళ్లీ బిగించారు. జనరల్ సాబ్ తెల్ల గ్లవుజు వేసుకున్న వేలితో ఒక మూలంతా రాసి చూశారు. మరక అంటలేదు. "శాబాష్" అన్నారు. సుబేదార్ సాబ్ మీసం ఆ వారమంతా కిందికి దిగలేదు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొట్టాను. టక్. మళ్లీ కొట్టాను. టక్. అంతే.

చార్జింగ్ పెట్టాను. ఒకరోజు నడిచింది, మళ్లీ చచ్చింది. కొత్త బ్యాటరీ వేయించాను. అదీ చచ్చింది. ఇంజను నడిచేటప్పుడు చార్జింగ్ బాగానే ఎక్కుతోంది. నిలబెడితే దిగిపోతోంది. నాతో డ్యూటీ చేసే నర్సింగ్ అసిస్టెంట్ కరీంనగర్ కుర్రాడు. బానెట్‌లోకి తొంగిచూసి పెదవి విరిచాడు.

"అన్నా, గిది బ్యాటరీ గాదే, బొక్కవడ్డ కుండ."

"నోర్ముయ్యరా" అన్నాను. నవ్వొచ్చే స్థితిలో లేను.

వర్క్‌షాప్ నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బీహారీ. బ్యాటరీకీ వైరుకీ మధ్య మీటరు పెట్టాడు. అన్నీ ఆపాం, తలుపులన్నీ మూశాం. ముల్లు సున్నా దగ్గర పడుకోవాలి. పడుకోలేదు.

"కోయీ పీ రహా హై" అన్నాడు. ఎవడో తాగేస్తున్నాడట.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. వెనక క్యాబిన్ ఫ్యూజు పీకగానే ముల్లు పడిపోయింది. ఆ ఫ్యూజు మీద సైరను, ఫ్యాను, కప్పు లైట్లు, పెట్టెలోని చిన్న దీపం, వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. ఫ్యూజు మళ్లీ పెట్టి, సెట్టు ఆపాం. సైరను తీసేశాం. ఫ్యాను తీసేశాం. కప్పు బల్బులు పీకాం. ముల్లు కిందికి దిగలేదు. పెట్టె మూత తెరిస్తే దీపం వెలిగింది. వెలగాల్సిందే కదా. మూస్తే ఆరిపోతుంది, ఇంట్లో ఫ్రిజ్‌లో లైటు లాగా. మూసేశాం. ఎక్కడో తీగ బాడీకి తగులుతోంది, లోపలి రేకులన్నీ విప్పాలి అని తేల్చాడు. మర్నాడే అతన్ని జనవరి ఇరవయ్యారు పరేడ్ బండ్ల పనికి పంపేశారు.

సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆ ఫ్యూజు పీకి ఉంచుతానన్నాను. వైర్‌లెస్ సెట్టు ఎప్పుడూ పలకాలి, కుదరదన్నాడు. పోనీ రాత్రిళ్లు బ్యాటరీ వైరు విప్పి పెడతానన్నాను. ఎమర్జెన్సీ బండికి వైరు విప్పుతావా, బుద్ధుందా అన్నాడు. చెప్పకుండా మధ్యమధ్య ఇంజను నడిపి పెట్టాను. నడవని బండికి డీజిల్ ఎలా తగ్గిందని అదీ ఆపించాడు. నా తలప్రాణం తోకకొచ్చింది. కంచంలో అన్నం కలిపి, తినలేక లేచిపోయేవాణ్ని.

సాయంత్రం శాలువా కప్పుకుని ఆమె వచ్చేది. పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు.

"అన్నయ్యా, బండి బాగుందా?"

"గుర్రంలా ఉంది తల్లీ."

జనవరిలో ఒక పొద్దున. ఫాలిన్‌కి వరసల్లో నిలబడ్డాం. క్వార్టర్ల వైపు నుంచి ఆడవాళ్ల కేకలు. పక్కింటి పంజాబీ ఆవిడ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తోంది. "భయ్యా, జల్దీ! ఉస్‌కో దిఖ్ నహీ రహా!"

సువార్తకు కళ్లు కనిపించడం లేదు.

స్ట్రెచరు మీద ఎక్కించాం. సెల్ఫ్ కొట్టాను. టక్. స్టీరింగ్‌కు తల కొట్టుకున్నాను. "యేసయ్యా, ఈ ఒక్కసారి" అని అరిచాను. టక్. వెనక నుంచి ఆమె గొంతు, సన్నగా. "అన్నయ్యా, బండి..." మిగతాది వినిపించలేదు.

"నెట్టండి!" అని గొంతు చించుకున్నాను. జవాన్లు, స్వెట్టర్ల మీద కొంగులు బిగించిన ఆడవాళ్లు, చివరికి సుబేదార్ సాబ్, అందరూ భుజం ఆనించారు. గేటు దాకా నెట్టినా పలకలేదు. అక్కడి నుంచి రోడ్డు పల్లం. రెండో గేరులో క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, పలికింది.

రోడ్డు మీద పది అడుగుల అవతల ఏమీ కనపడదు. సైరను తీసేసి ఉంది కదా, హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. సగం దారిలో నర్సింగ్ అసిస్టెంట్ కేక. "అన్నా, ఫిట్స్ స్టార్టయినయే! తోలు! ఆగకు!"

ఆగలేదు.

మిలిటరీ ఆసుపత్రిలో గంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చింది. తల్లి దక్కిందంది. బిడ్డ దక్కలేదంది. ఇంకాస్త ముందొచ్చి ఉంటే అని నేనే అడిగాను. "చెప్పలేను" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటోంది. అవునన్నా ఏడ్చేవాణ్ని, కాదన్నా ఏడ్చేవాణ్ని.

"వీళ్ల తాలూకు ఎవరు?" అని అడిగారు.

"అన్నని" అన్నాను.

తెల్ల తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టారు. మగపిల్లాడు. ముక్కు అచ్చం ప్రసాదుది. తీసుకొచ్చి అంబులెన్సు వెనక బెంచీ మీద కూర్చున్నాను. జెర్సీ విప్పి, తువ్వాలు మీద చుట్టాను. ఎందుకో అడగకండి. చల్లగా ఉన్నాడు, కప్పాలనిపించింది.

ఆ చలికి బండిలో ఇనుమంతా కొరికేస్తోంది. స్ట్రెచరు కమ్మి, తలుపు పిడి, అన్నీ. బిడ్డను ఒక చేతిలోకి సర్దుకుని, రెండో చెయ్యి కిందికి ఆనించాను. బెంచీ కింది పెట్టె మూతకు తగిలింది.

వెచ్చగా ఉంది.

కాసేపు అర్థం కాలేదు. చెయ్యి అక్కడే ఉంచాను. తర్వాత నర్సింగ్ అసిస్టెంట్‌ను పిలిచాను. ఫోనులో వీడియో పెట్టి, పెట్టె లోపల ఉంచి, మూత మూసి చూడమన్నాను. తీసి చూశాడు. మూత మూశాక కూడా లోపల పట్టపగల్లా ఉంది.

మూత మూయగానే లోపలి స్విచ్చును నొక్కడానికి, మూతకు లోపలివైపు ఒక రబ్బరు గుండీ ఉండాలి. లేదు. అది ఉండాల్సిన చోట రెండు మర కన్నాలు, వాటి నిండా తెల్లరంగు. రంగు వేసేటప్పుడు పీకారు, మళ్లీ పెట్టలేదు. ఆనాటి నుంచి మూసిన పెట్టెలో, ఎవరికీ కనపడకుండా, ఆ దీపం రేయింబవళ్లు వెలుగుతూనే ఉంది. పైన పటారం, లోన లొటారం. దానికి శాబాష్!

నా బూటు మడమ కోసి, ఆ ముక్కను మూతకు అతికించాను. ఆ తర్వాత రెండేళ్లు ఆ బండి ఒక్క సెల్ఫ్‌కి పలికింది. సుబేదార్ సాబ్ ఆ పెట్టె వైపు చూసేవాడు కాదు. దారి తెరిచాక ప్రసాదు వచ్చాడు, సువార్తను ఊరికి తీసుకెళ్లాడు. ఇద్దరూ నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నేనూ రిటైరై వచ్చేశాను. సువార్తకు తర్వాత ఒక పాప పుట్టింది. పెళ్లిళ్లలో, చర్చిలో ఎదురుపడుతుంటాం. "బాగున్నావా అన్నయ్యా" అంటుంది. బండి సంగతి మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నా కారు ఆపినప్పుడల్లా కాసేపు ఆగి, డిక్కీ మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది, ఏంటా చాదస్తం అని. చల్లగా ఉంటే లోపలికొస్తాను. ఎండకు కాగి వెచ్చగా తగిలితే మాత్రం నా రెండో చేతిలోకి మళ్లీ ఆ తువ్వాలు బరువు వచ్చేస్తుంది.