రెక్క కింద భూమయ్య గాటు

"దీపావళి తెల్లారి నిన్ను పట్నం తీస్కపోత భూమయ్యా. జాగీర్దారు ముందట నిలవెట్టి నీ పేరు చెప్త."

మా అన్న ఇచ్చిన మాట. రెండో ప్రపంచ యుద్ధం నాటిది.

నిన్న పొద్దున నారాయణఖేడ్ నుంచి ఫోన్. వడ్ల భూమయ్య పోయాడు.

పెట్టేసి, మళ్లీ నేనే చేశాను. ఏ భూమయ్య అని అడగడానికి.

తొంభై ఏడేళ్ల మనిషి పోతే షాక్ ఏమిటని మీరనుకోవచ్చు. అనుకోండి.

మాదీ వాళ్లదీ పక్కపక్క ఇళ్లు, ఒకటే వడ్ల కులం, వడ్రంగులం. మా అన్న ఉలి వదిలి ఉర్దూ నేర్చి, పట్నంలో ఒక జాగీర్దారు దగ్గర మున్షీ అయ్యాడు. ఆ జాగీర్దారుకు విమానాల పిచ్చి. యుద్ధ విమానాలకు, పరిశోధన విమానాలకు చెక్క నమూనాలు చేయించి అద్దాల బీరువాలో పెట్టుకునేవాడు.

అన్న ఇంగ్లిష్ పత్రికలోంచి ఒక బొమ్మ తెచ్చాడు. తోక లేని పరిశోధన విమానం. కొలతలు నేను చదివాను. బొమ్మలు చేసే తేలిక పొనికి చెక్క భూమయ్య పట్టాడు.

"తోక లేని పిట్ట ఎగుర్తదారా? చదువొచ్చా నీకు?"

"గట్లనే ఉన్నది. చెక్కు."

"ఎగరకపోతే నన్ననొద్దు మల్ల."

మూడు నెలలు చెక్కాడు. రెక్క అంచు తమలపాకంత పలచన. అంతా అయ్యాక ఎడమ రెక్క కింద ఉలితో చిన్న గాటు పెట్టాడు. నేను అరిచాను.

"పని నిండుగుంటే దిష్టి తాకుతదిరా. మా అయ్య నాగలికి సుత పెట్టేటోడు."

విమానం అన్న ముందే తీసుకుపోయాడు. పండుగ తెల్లారి భూమయ్య కొత్త ధోతి కట్టి సడక్ మీద కూర్చున్నాడు. మూడు రోజులు.

అన్న రాలేదు. నేనే వెతుక్కుంటూ పట్నం పోయాను.

బీరువాలో విమానం. దాని కింద చీటీ మీద మా అన్న పేరు.

"క్యా హాత్ హై మున్షీజీ కా!" అన్నాడు జాగీర్దారు, ఏం పనితనం అని. అన్న నా వైపు చూశాడు. అన్న ఇంట్లో ఉండే నేను చదువుకోవాలి. నోరు మూసుకున్నాను. తర్వాత ఎన్ని వందల పుస్తకాలు చదివినా ఆ నోరు తెరుచుకోలేదు.

తిరిగొచ్చాక భూమయ్య అడిగాడు.

"చెప్పిండా అన్న, నా పేరు?"

"చెప్పిండు."

నమ్మాడు. ఆ తర్వాత బతుకంతా తలుపులు, నాగళ్లు చేశాడు. హోటల్లో చాయ్ తాగుతూ పట్నం బీరువాలో తన పేరుందని చెప్పేవాడు. "అవ్ అవ్, విమానం భూమయ్య" అని నవ్వేవాళ్లు.

జాగీర్దారు పోయాక అది చీటీతో సహా మా అన్న ఇంటికే చేరింది. పోయినేడు అన్న మనవడు దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని ఇదే గ్రూపులో ఫోటో పెట్టాడు. 'మా తాత చేతిపని' అని. మీరందరూ లైకులు కొట్టారు.

ఆ ఫోటో పెద్దది చేసి చూడండి. ఎడమ రెక్క కింద.

చూశాక ఆ చీటీ మార్చండి.

పోయిరా భూమయ్యా. పనికి తగలకుండా గాటు పెట్టుకున్నావు, దిష్టి నీకు తగిలింది. ఇకనైనా నిమ్మళంగా పడుకో.

అబద్ధం చెప్పిన నోరు నాది. ఆ అబద్ధాన్ని నా నోట్లో పెట్టినవాడు మా అన్న, వడ్ల కిష్టయ్య.