యాదగిరి సార్ తోసిన మోపెడ్

మొన్న తార్నాక బంకులో కారు అద్దం దించగానే పెట్రోలు వాసన గుప్పుమంది, యాదగిరి సార్ గుర్తొచ్చారు. యూనివర్సిటీలో మాకు నాటకం పాఠాలు చెప్పిన మనిషి. క్లాసులో ఎవరు ఏ చిన్న జోకు వేసినా ముందు ఆయనే పగలబడి నవ్వేవారు. అందుకే ఆయన నవ్వకపోతే మాకు గుబులు.

అప్పట్లో లారీల సమ్మెతో బంకులు ఖాళీ అయిన వారంలోనే నేను పెట్రోలు కరువు మీద అరగంట కామెడీ సినిమా ఒకటి రాశాను. హాస్టల్ దగ్గర మోపెడ్ మీద ఇడ్లీలు అమ్మే మల్లేశ్‌నే అందులో పెట్టాను. ఖాళీ సీసాతో అందరి కాళ్ళూ పట్టుకుంటాడు, జారి పడతాడు. చదివి వినిపిస్తే క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు.

"మల్లేశ్ గట్ల కాళ్లు మొక్కంగ నువ్వు చూసినవా బిడ్డా?"

"లేదు సార్, కామెడీ కోసం..."

"రేపు పొద్దుగాల ఆయన బంకుకు పోతడట. నువ్వు గూడ రా."

చిన్నబుచ్చుకుంటూనే వెళ్ళాను. లైను రోడ్డు మలుపు దాకా ఉంది. గంట గడిచినా కదల్లేదు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని మల్లేశ్ డబ్బా మూత తీసి అక్కడే అమ్మకం మొదలుపెట్టాడు. ముందున్నవాళ్ళు చట్నీ కోసం పక్కకొస్తే, ఆ సందులోంచి మోపెడ్‌ను ముందుకు నెట్టాడు. అలా ఎనిమిది బళ్ళు దాటాడు. తీరా పంపు దగ్గరికి చేరేసరికి పెట్రోలు అయిపోయిందని బోర్డు పెట్టేశారు. మల్లేశ్ ఖాళీ అయిన ఇడ్లీ డబ్బా చూశాడు, బోర్డు చూశాడు.

"నాది అయిపాయె, వాళ్లది అయిపాయె. ఇగ రామంతాపూర్ దాంక నూకుడే సార్!"

సార్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. ప్యాంటు మడిచి, వెనక నుంచి తోయడం మొదలుపెట్టారు. నేనూ చెయ్యి వేశాను. దారంతా మల్లేశ్ కబుర్లే. నా కాగితాల్లోని మనిషికీ ఇతనికీ పోలికే లేదు. రామంతాపూర్‌లో అతని ఇల్లు చేరేలోపు, నేను రాసినదానికి నాకే సిగ్గేసింది.

సినిమా మళ్ళీ మొదటినుంచి రాశాను, క్లాసంతా కలిసి తీశాం. ప్రదర్శన రోజు మల్లేశ్ భార్యతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఎనిమిది బళ్ళు దాటే సీను రాగానే ఆమె, "అచ్చం గిట్లనే జేస్తడు!" అని అతని భుజం మీద చరిచింది. వెనక నుంచి వినిపించిన పెద్ద నవ్వు సార్‌దే.

ఆయన పోయి మూడేళ్ళయింది. నేనిప్పుడు టీవీకి హాస్యం రాస్తున్నాను. ఎవరి గురించి రాస్తే, ముందు అలాంటివాళ్ళకు చదివి వినిపిస్తాను. పోయిన వారం నర్సు మీద రాసిన సీను పక్కింట్లో ఉండే ఒక నర్సు ముందు చదివాను. "అట్ల కాదమ్మా, అసలేమైతదంటే..." అంటూ ఆమె తనే నవ్వడం మొదలుపెట్టింది. నేను కాగితం వెనక్కి తిప్పి రాసుకున్నాను.