అరుంధతి దాకా తోలిన బండి

పోయిన వారం తిరుమల నుంచి దిగి వస్తుంటే, బస్సులో బ్రేకులు కాలిన వాసన గుప్పుమంది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఏందమ్మా ఈ కంపు!" అంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తిరుపతిలో మా ఇంటికీ పక్కింటికీ ఒకటే ప్రహరీ గోడ. ఆ పక్కింటి మునిరత్నం మామ ఘాట్ రోడ్డు బస్సు డ్రైవర్. డ్యూటీ దిగి గోడ పక్కన నడిచి వెళ్తుంటే ఆయన ఖాకీ చొక్కా నుంచి ఇదే వాసన వచ్చేది. ముప్పై ఏళ్లు అదే కొండ ఎక్కాడు, అదే కొండ దిగాడు. చెన్నై దాటి ఎక్కడికీ పోయిన మనిషి కాదు. నాకు నక్షత్రాలను చూపించింది ఆ మనిషే అంటే ఎవరూ నమ్మరు. కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి.

అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగ పరీక్షలు మూడు రాసి, మూడూ తప్పి, ఇంట్లో కూర్చుని ఉన్నాను. పుస్తకం తెరిస్తే ఏడుపొచ్చేది. మా అన్న బెంగుళూరులో పనికి చేరుతూ తన కంప్యూటర్ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. అందులో ఒక ఆట ఉండేది. మనకొక అంతరిక్ష నౌక ఇస్తారు. నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకుతూ పాలపుంత అంతా తిరగవచ్చు. ఆకాశంలో మనకు కనిపించే నక్షత్రాలన్నీ అందులో వాటి వాటి చోట్లలోనే ఉంటాయి. నేను తిరిగేదాన్ని కాదు, పరుగెత్తేదాన్ని. నక్షత్రం ఎదుటికి రావడం, వెంటనే ఇంకో దానికి దూకడం. ఎన్ని దాటితే అంత పెద్ద హోదా వస్తుంది. బయట ఓడిపోయిన దాన్ని, లోపలైనా గెలుద్దామని తాపత్రయం. అంతకు మించి అందులో నాకేమీ కనిపించలేదు.

రిటైరైన రెండేళ్లకు ఒకరోజు మధ్యాహ్నం మామ మా ఇంటికి వచ్చాడు. పెన్షన్ వాళ్లకు తాను బతికే ఉన్నట్టు కంప్యూటర్‌లో కాగితం పెట్టాలట. "ఒక్క నిమిషం కూర్చో మామా" అని నేను ఆట ఆపకుండా నాలుగు నక్షత్రాలు దూకేశాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇందాక ఎర్రంగా కనపడిందే, అదేంది పాపా?"

"ఏదో నక్షత్రం మామా."

"దాని దగ్గర ఆగకుండా వచ్చేస్తివే!"

"ఆగితే ఏమొస్తుంది?"

మామ నవ్వాడు. "మా బస్సెక్కేటోళ్లూ ఇంతే. కిటికీ పక్క సీటు కోసరం కొట్టుకుంటారు. బండి కదలంగానే నిద్రపోతారు." కాస్త ఆగి అడిగాడు. "మన కార్తెల నక్షత్రాలు ఉండాయా ఇందులో? ఆరుద్ర యాడుండాదో సూడు."

కార్వేటినగరం పక్క పల్లెలో వాళ్ల నాయన వేరుశనగ పండించేవాడు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు కదా, ఏటా ఆ కార్తె కోసం ఆకాశం వంక చూస్తూ బతికిన మనిషి. మన ఆరుద్రకు ఆటలో ఇంగ్లీషు పేరు ఉంటుంది. అది వెతికి పట్టుకుని, దారి పెట్టి, చాలా దూకుళ్లు దూకి, చివరికి దాని ఎదుట నిలిచాం. మామూలు నక్షత్రాలు చుక్కల్లా కనిపించేంత దూరంలో ఉన్నాం. అయినా అది తెర నిండా ఉంది. నిప్పు కణం రంగు. ఒళ్లంతా సలసలా కాగుతోంది. మన సూర్యుడి చోట దీన్ని పెడితే భూమి కూడా దీని కడుపులోనే ఉంటుందని పక్కన రాసి ఉంటే చదివి చెప్పాను. మామ ఎప్పుడు లేచాడో తెలియదు. చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"మా నాయన దీని పేరు సెప్పి సేద్యం చేసినాడు. ఇదింతుంటాదని తెల్సింటే..."

"తెలిస్తే ఏం చేసేవాడు మామా?"

"విత్తనం ఎయ్యడానికి భయపడేటోడు."

నేను కుర్చీ తెరకు దగ్గరగా లాక్కున్నాను. అంతకు ముందు రెండుసార్లు ఆ నక్షత్రం పక్క నుంచే పోయాను. ఒక్కసారి కూడా చూడలేదు. పెన్షన్ కాగితం సంగతి ఆ రోజు ఇద్దరం మరిచిపోయాం.

అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చేవాడు. కృత్తికలకు పోయాం. నీలం పొగ మధ్య నీలం దీపాలు. చిత్తకు పోతే అక్కడ ఒకటి కాదు, రెండు నక్షత్రాలు, ఒకదాన్నొకటి లాక్కుంటూ కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి గిరగిరా తిరుగుతున్నాయి. నెల తిరగకుండానే మామ తోలడం నేర్చుకున్నాడు. కూర్చునే ముందు కీబోర్డును కళ్లకు అద్దుకునేవాడు. తెర కింద ఒక నిమ్మకాయ పెట్టేవాడు. గ్రహం మీదికి దిగాలంటే నేను రాయిలా పడేదాన్ని. ఆయన మాత్రం "ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు" అంటూ మెల్లగా, చాలా మెల్లగా దించేవాడు. చందమామల వెనక్కి తిరిగే ముందు నోటితో "పాం, పాం" అని హారన్ కొట్టేవాడు. "అవతల నుంచి ఎవరన్నా వస్తావుంటే?" అనేవాడు. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి పుట్టేది. ఒకసారి వలయాలున్న పెద్ద గ్రహం కింది నుంచి ఆయన అలాగే నింపాదిగా తోలుకుపోతుంటే, ఆ వలయాల నీడ మేఘాల మీద చారలు చారలుగా పడుతూ వచ్చింది. అంత అందం ఉందని తెలిసినందుకు సంతోషమూ, ఇన్నాళ్లూ పరుగెత్తుతూ పోగొట్టుకున్నందుకు దిగులూ కలిసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒకరోజు మామ భార్య సుగుణత్త కాఫీకి పిలవడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇందులో అరుంధతి గూడా ఉంటాదా పాపా?" అని అడిగింది. ఉంటుందన్నాను. అత్త, మామ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వాళ్ల పెళ్లి ముహూర్తం పగలు పది గంటలకు. తాళి కట్టాక అయ్యవారు బయటికి తీసుకొచ్చి, మండే ఎండలో ఆకాశం వైపు వేలు చూపి "అదిగో అరుంధతి, కనిపించిందా?" అన్నాడట. ఇద్దరూ కళ్లు చికిలించుకుని "కనిపించింది" అన్నారట.

"దేవుడి ముందర మేమిద్దరం కలిసి సెప్పిన మొదటి మాటే అబద్ధం" అంది అత్త.

"నువ్వు సెప్పినావని నేను సెప్పినాను" అన్నాడు మామ.

"నువ్వు సెప్పినావని గదయ్యా నేను సెప్పింది!"

మామ నా వైపు తిరిగాడు. "శుక్రవారం పోదాం పాపా. నువ్వు తోలొద్దు. నా పెండ్లాన్ని నేనే తీసకపోతా."

శుక్రవారం అత్త పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. మామ నిమ్మకాయ మార్చాడు. ముందు వశిష్ఠుడు, అక్కడి నుంచి ఒక్క దూకుడులో అరుంధతి. వశిష్ఠుడు ఒక్క నక్షత్రం కాదు, నాలుగు. రెండు జంటలు. వాటి ఎదుటికి వచ్చీ రాగానే బండి ఒక పెద్ద నక్షత్రానికి మరీ దగ్గరైపోయింది. వేడి పెరిగి గంట మోగింది. అప్పుడు మామ ఘాట్ డ్రైవర్ చేసే పనే చేశాడు. ఆపేశాడు.

"బండి వేడెక్కినాది. ఆపి సల్లారనీ."

"ఆపొద్దు మామా! ఇక్కడ ఆపితే ఇంకా కాలుతుంది! వేడి గేజి చూడు!"

"ఏ గేజి?"

"ఎడమ పక్కన, కింద!"

ఆయన నేరుగా ముందుకే చూస్తున్నాడు. "ఆడేమీ లేదే" అన్నాడు. తెర మీద ఎర్రగా వెలిగి ఆరుతున్న గేజి మీద వేలు పెట్టి చూపించాను. మెడ మొత్తం తిప్పితే గానీ అది ఆయనకు కనపడలేదు. అప్పటికే ఆలస్యమైంది. నౌక పేలిపోయి తెర నల్లబడింది.

"పోనీలేయ్యా, ఆటే గదా" అంది అత్త. మామ కీబోర్డు వదిలి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ముప్పై ఏండ్లలో నా బండికి ఒక గీత పడలేదు" అన్నాడు. నన్ను అనుమానం వదల్లేదు. "గేజి నీకు కనపడలేదా మామా?" అని అడిగాను. "కనపడింది" అన్నాడు. నేను ఆయన చెవి పక్కగా పెన్సిల్ పట్టుకుని మెల్లగా ముందుకు తెచ్చాను. దాదాపు ముక్కు ముందరికి వచ్చేదాకా ఆయన కన్ను దాని వైపు తిరగలేదు. అత్త మొహం పాలిపోయింది. ఇంట్లో తలుపు రెక్కకు గుద్దుకుని తలుపును తిట్టడం, పక్కనున్న నీళ్ల చెంబు తన్నేయడం ఆమెకు అప్పుడు గుర్తొచ్చాయి. కళ్ల ఆసుపత్రికి పోదామంటే మామకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నాకేం కండ్లు లేవా?" అని లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు.

పది రోజులు మా ఇంటి వైపు రాలేదు. ఆ తర్వాత ఒక పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "రా పాపా, పోదాం. సుగుణకు ఇప్పుడే సెప్పొద్దు" అన్నాడు. ఊళ్లో ఎవరైనా చూస్తారని చిత్తూరు పోయాం, అక్కడొక కంటి ఆసుపత్రి. చీకటి గదిలో తెల్లటి గిన్నె లాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. అందులో అక్కడొకటీ ఇక్కడొకటీ చిన్న చిన్న వెలుగు చుక్కలు మెరుస్తాయి. కనపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. ఎన్నో చుక్కలు మెరిశాయి. మామ బొటనవేలు చాలాసేపు కదలనే లేదు. నీటికాసులు, అంటే గ్లకోమా, అన్నారు డాక్టరు. పక్క చూపు పోయింది, అది మళ్లీ రాదు, చుక్కల మందు వేసుకుంటే మిగిలిన చూపును నిలుపుకోవచ్చు అన్నారు.

మామ అడిగింది ఒకటే. "సార్, నేను బస్సు తోలేటప్పుడు గూడా ఇది ఉండిందా?"

డాక్టరు పరీక్ష కాగితం పక్కన పెట్టారు. "చెప్పలేమండీ. ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. మనిషికి తెలియదు. అక్షరాల పట్టీ చదివించే పరీక్షలోనూ సాధారణంగా దొరకదు."

తిరిగి వచ్చే బస్సులో మామ డ్రైవర్ వెనక సీటులో కూర్చుని రోడ్డునే చూస్తున్నాడు. ఊరు దగ్గర పడ్డాక అన్నాడు. "సంకలో బిడ్డల్ని పెట్టుకోని ఎక్కేటోళ్లు పాపా. నా పక్కన లోయ. నేను అంతా సూస్తా ఉండాననే అనుకున్యా." నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ మనిషి మీద నాకు అంత గౌరవం అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. ఎవరూ అడగని ప్రశ్నను, జవాబు లేని ప్రశ్నను ఆయన తనకు తానే వేసుకున్నాడు. ఆ సాయంత్రమే అత్తకు అంతా చెప్పేశాడు.

మందు మొదలుపెట్టిన రెండు వారాలకు ఇద్దరూ కలిసి వచ్చారు. మామ కుర్చీలో కూర్చుని కీబోర్డు కళ్లకు అద్దుకున్నాడు. "నాకు కనపడేది నడిమధ్యన రోంత. ఎడమ పక్క నువ్వు సూడు పాపా, గేజి ఎంతుండాదో అరిచి సెప్పు. కుడి పక్క సుగుణా, నువ్వు" అన్నాడు. ముప్పై ఏళ్లు తన కళ్లను తప్ప దేన్నీ నమ్మని డ్రైవరు ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో! వశిష్ఠుడి దగ్గర వేడి పెరుగుతోందని నేను అరిచాను. "కుడి పక్క ఖాళీ, తిప్పు, తిప్పు" అని అత్త అరిచింది. మామ ఈసారి ఆగకుండా నక్షత్రానికి వీపు తిప్పి బయటపడ్డాడు. తర్వాతి దూకుడుకు అత్త మామ భుజం పట్టుకుంది.

తెర మీద చీకటి విడిపోయి అరుంధతి వచ్చింది. తెల్లటి తెలుపు. ఒక్క మరక లేదు. వెనక్కి తిరిగి చూస్తే వశిష్ఠుడు చిన్న చుక్కై వెలుగుతున్నాడు. మామ మెడ అటూ ఇటూ తిప్పుతూ, ఆ వెలుగును ముక్కలు ముక్కలుగా చూసుకుంటున్నాడు.

"కనిపించిందా సుగుణా?"

అత్త తెర దగ్గరికి వంగింది. చాలాసేపు చూసింది. "ఇప్పుడు కనిపించిందయ్యా" అంది. "నీకు?"

"అంతా కనపడల్యా. మిగిలింది నువ్వు సెప్పు."

అత్త చెప్పడం మొదలుపెట్టింది. అంచు ఎలా ఉందో, ఆ తెలుపులో కాస్త నీలం ఎక్కడ కలిసిందో, చుట్టూ ఎన్ని చుక్కలున్నాయో, పప్పులో రాళ్లేరినంత ఓపికగా ఒక్కొక్కటే చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నాడు. నేను ఆరుద్రను చూశాను, కృత్తికలను చూశాను. అంత గొప్ప దృశ్యం మాత్రం నేను ఏ నక్షత్రం దగ్గరా చూడలేదు.

ఆ ఏడాదే నేను కంటి పరీక్షల కోర్సులో చేరాను. మామ నిరుడు గుండె జబ్బుతో పోయాడు. ఆ మిగిలిన కాస్త చూపు చివరి దాకా నిలిచింది. ఇప్పుడు నేను చేసేది ఆ వెలుగు చుక్కల పరీక్షే. వచ్చేవాళ్లలో సగం మంది, చుక్క మెరిసినా మెరవకపోయినా బటన్ నొక్కేస్తుంటారు. కొడుకు ముందు, కోడలి ముందు, ఉద్యోగం పోతుందన్న భయం ముందు "కనిపించిందమ్మా, కనిపించింది" అంటారు. నాకు కోపం రాదు. యంత్రం ఆపి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోమని, మళ్లీ మొదటి నుంచి పెడతాను. "తొందరేమీ లేదు, నిజం చెప్పండి" అంటాను. రెండోసారో మూడోసారో ఎవరో ఒకరు బటన్ పక్కన పెట్టి, "ఆ పక్క నాకేమీ కనపడల్యామ్మా" అంటారు. అప్పుడు, ఆరుద్ర ఎదుట మామ నిలబడినట్టు, నేను లేచి నిలబడతాను. ఎందుకు నిలబడ్డానో వాళ్లకు తెలియదు.