వీపు మీద పురుగుమందు పేరు

1986 ఫిబ్రవరి. నరసరావుపేటలో ఒక హైస్కూలు గ్రౌండులో ఆడపిల్లల కబడ్డీ పోటీలు. ఎనిమిది జట్లు, మూడు రోజులు. నేనప్పుడు గుంటూరులో ఒక చిన్న పబ్లిసిటీ కంపెనీలో పనిచేస్తున్నాను. ఇవాళ స్పోర్ట్స్ మార్కెటింగ్ అంటున్న పనికి ఆ రోజుల్లో మా వైపు పేరు లేదు. పోటీలు జరిపేవాళ్ళకి ఖర్చు పెట్టుకునే కంపెనీని వెతికిపెట్టడం, ఆ కంపెనీ పేరు జనం కంట పడేట్టు చూడటం, ఇదీ నా ఉద్యోగం. ఖర్చు పెట్టుకునేవాళ్ళని స్పాన్సర్ అంటాం. పోటీ పేరుకే తమ పేరు తగిలించుకునేంత ఖర్చు పెడితే టైటిల్ స్పాన్సర్.

సైకిల్ షాపు వాడి కొడుకువి, ఈ పనిలోకి ఎట్లా వచ్చావని చాలామంది అడిగారు. హైస్కూలే దానికి కారణం. తొమ్మిదో తరగతిలో నేను స్కూలు కబడ్డీ జట్టులో ఉండేవాణ్ణి. మోకాలు దెబ్బతిని ఆ ఏడు ఆట మానాల్సి వచ్చింది. మా డ్రిల్లు మాస్టారు సాల్మన్ గారు నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. తాలూకా పోటీల కరపత్రానికి ప్రకటనలు తెమ్మని బజారు మీదికి పంపారు. మొదటి రోజు ఏ కొట్టుకు వెళ్ళినా మా జట్టు ఎంత బాగా ఆడుతుందో చెప్పాను. ఎవరూ చెవిన పెట్టలేదు. ఒక బట్టల కొట్టాయన మాత్రం, ఎదురు కొట్టు పేరు మైకులో ఎన్నిసార్లు చదువుతారని అడిగాడు. తిరిగొచ్చి ఆ సంగతి చెబితే సాల్మన్ మాస్టారు నా వంక చూసి, "ఒరేయ్ కరీమూ, నువ్వు మన ఆట గురించి చెప్పొచ్చావు. రేపు పోయి వాళ్ళ కొట్టు గురించి అడిగిరా" అన్నారు.

మర్నాడు అడిగాను. కరపత్రం నిండింది. పదో తరగతి అయ్యేలోపు కరపత్రం రాయడం, మైకులో ప్రకటనలు చదవడం, సోడా కంపెనీ చేత జట్టుకు బనియన్లు కుట్టించడం అన్నీ నా పనులే అయ్యాయి. ఇచ్చేవాడి కుర్చీలో కూర్చుని చూడటం అక్కడే అలవాటయింది. ఇంటరు తప్పి నాన్న షాపులో పంక్చర్లు వేస్తున్న నన్ను గుంటూరు కంపెనీవాళ్ళు పనిలోకి తీసుకుంది ఆ పాత కరపత్రాలు చూసే.

ఈ పోటీలకు టైటిల్ స్పాన్సర్‌గా ఒక పురుగుమందుల కంపెనీని నేనే ఒప్పించాను. పల్నాడు అంతా పత్తి వేస్తున్న రోజులు. కబడ్డీ చూడటానికి వచ్చేది రైతులు. మందు కొనేదీ వాళ్ళే. ఇంతకంటే కలిసొచ్చే బేరం ఉండదని మా యజమానికి ధీమాగా చెప్పాను. గేటు దగ్గర ఆర్చి, గ్రౌండు చుట్టూ బ్యానర్లు, ఎనిమిది జట్లకూ పసుపుపచ్చ జెర్సీలు. జెర్సీ వీపు మీద జానెడు ఆకుపచ్చ అక్షరాల్లో మందు పేరు.

మొదటి రోజు మధ్యాహ్నం శావల్యాపురం దగ్గరి ఒక పల్లె జట్టు గ్రౌండులోకి వచ్చింది. ఏడుగురూ జెర్సీలు తిరగేసి వేసుకున్నారు. కుట్లు పైకి కనిపిస్తున్నాయి, వీపు మీద అక్షరాలు లేవు. షామియానా కింద కూర్చున్న కంపెనీ ఏరియా మేనేజరు నన్ను వేలితో పిలిచాడు. ఏమిటో కనుక్కొస్తానని చెప్పి వెళ్ళాను.

కెప్టెన్ పేరు కోటేశ్వరి. పందొమ్మిదేళ్ళుంటాయి. హైస్కూల్లో ఆట నేర్చుకుని, చదువు ఆగిపోయాక కూలి పనులకు పోతూ కూడా జట్టును నిలబెట్టుకున్న పిల్ల. తిరగేసి వేసుకున్నారేమని అడిగితే తల దించుకోలేదు.

"ఆ మందు మా నాన్న చేలో నాలుగుసార్లు కొట్టాడన్నా. పురుగు చావలా. ఆఖరికి ఆశ వదులుకుని చేలోకి గొర్రెల్ని తోలాడు," అంది. "నా ఆట చూట్టానికి ఇయ్యాలే మొదటిసారి వస్తన్నాడు. ఆ పేరు వీపున ఏసుకుని ఆయన ముందర కూతకి పొమ్మంటావా?"

వేరే బనియన్లు తెచ్చుకున్నారా అని అడిగాను. జెర్సీలు ఇస్తామన్నారని ఏమీ తెచ్చుకోలేదట. ఆడొద్దంటే వెళ్ళిపోతామనీ, నా మీద కోపమేమీ లేదనీ చెప్పింది. మిగతా ఆరుగురూ ఆమె వెనక నిలబడి నా మొహమే చూస్తున్నారు. వాళ్ళలో ఇంకెవరి చేలో ఏం జరిగిందో నేను అడగలేదు.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. హెడ్డాఫీసుకు ఫోటోలు పంపాలి, అందుకోసం ఫోటోగ్రాఫరును వెంట తెచ్చుకున్నాడు. సరిగా వేసుకోవాలి, లేదంటే ఆ జట్టును తీసెయ్యాలి అన్నాడు. నేను నసుగుతుంటే, "నువ్వు ఎవరి తరఫు మనిషివయ్యా?" అని అడిగాడు. మా కంపెనీకి డబ్బిచ్చేది ఆయన. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తే ఆయన అడిగింది న్యాయమే. అయినా నా కాళ్ళు మళ్ళీ ఆ పిల్లల దగ్గరికి పోనన్నాయి.

చివరికి నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. ఆయన లాభం ఆయనకే లెక్క చెప్పాను. తాళ్ళ చుట్టూ నిలబడ్డవాళ్ళు సగానికి పైగా పత్తి రైతులు. జట్టును పంపేస్తే ఎందుకు పంపారని అడుగుతారు. ఆ పిల్లలు చెబుతారు. సాయంత్రానికి ఆ కబురు మీ మందు అమ్మే ప్రతి కొట్టుకూ చేరుతుంది. ఆడనిస్తే ఈ తిరగేసిన బనియన్ల సంగతి ఒక్క మ్యాచ్‌తో మరుగున పడుతుంది అన్నాను. ఆయన ఫోటోగ్రాఫరును పిలిచి, ఈ ఆట ఫోటోలు అక్కర్లేదని చెప్పాడు.

ఆట మొదలైంది. కోటేశ్వరి మొదటి కూతకే ఇద్దరిని ఔట్ చేసి గీత తాకింది. రెండో సగంలో చెమటకు బట్ట వీపుకు అతుక్కుపోయి, ఆకుపచ్చ అక్షరాలు లోపలి నుంచి తిరగబడి కనిపించాయి. ఏం రాసుందో ఎవరికీ చదవడానికి రాలేదు. ఆ మ్యాచ్ గెలిచారు. మర్నాడు సెమీఫైనల్లో, ఎవరో సర్దిన స్కూలు బనియన్లతో ఆడి ఓడిపోయారు.

మొదటి మ్యాచ్ అయ్యాక ఒకాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కోటేశ్వరి తండ్రి పున్నయ్య. జెర్సీల గొడవ ఆయన చెవిన పడిందట. పిల్ల పొగరుతో చేసిందనుకోవద్దని చెప్పడానికి వచ్చాడేమో అనుకున్నాను. ఆయన తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతూ అన్నాడు.

"మందు మంచిదో కాదో నాకూ తెలవదు బాబూ. రెండు తడవలు కొట్టినాక వాన పడింది. ఒక తడవ నేనే ఆలీసెం చేశా."

మరి అమ్మాయికి ఈ మాట చెప్పలేదా అని అడిగాను.

"అప్పుడు కోపంలో మందునే తిట్టా. అది విన్నది. ఇయ్యాల ఇంతమందిలో నా తరఫున నిలబడింది. ఇప్పుడేమని చెప్పమంటావు?"

ఆయన తలగుడ్డ చుట్టుకుని కూతురి దగ్గరికి వెళ్ళాడు. నిజం మేనేజరుకు చెబితే ఆయన మనసు తేలికపడేదేమో, మా కంపెనీకీ మేలు జరిగేదేమో. చెప్పలేదు. ఎవరి తరఫు మనిషివని ఆయన అడిగిన దానికి ఆ మౌనమే జవాబయిందని తర్వాతెప్పుడో అనిపించింది.

మూడో రోజు పోటీలు సజావుగానే ముగిశాయి. మరుసటి ఏడు ఆ కంపెనీ మమ్మల్ని పిలవలేదు. మా యజమాని ఒక ఆరు నెలలు నన్ను ఆటల పని నుంచి తప్పించి, రోడ్డు పక్క గోడల మీద ప్రకటనలు రాయించే పనికి వేశాడు. మాచర్ల రోడ్డులో సున్నం, రంగుల డబ్బాలతో తిరుగుతూ ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది. హైస్కూలు నాకు నేర్పింది తప్పు కాదు. ఇచ్చేవాడికి ఏం కావాలో అడగమంది. వేసుకునేవాళ్ళని కూడా అడగాలని నాకు తోచకపోవడానికి కారణం, స్కూల్లో మా బనియన్లు కుట్టించిన సోడా కంపెనీ వల్ల ఎవరి చేనూ పోకపోవడమే.

మళ్ళీ ఆటల పని చేతికొచ్చింది గురజాలలో జరిగిన పోటీలతో. స్పాన్సర్‌తో మాట్లాడక ముందే, ఖర్చు పెట్టడానికి ఆసక్తి ఉన్న కంపెనీల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని జట్లు ప్రాక్టీసు చేసే చోటికి వెళ్ళాను. ఇదెక్కడి చోద్యమని ఒకరిద్దరు నవ్వారు. ఒక జట్టులో పిల్ల మాత్రం కాగితం అందుకుని మూడో పేరు మీద వేలు పెట్టి, ఇది వద్దు అంది. ఎందుకని అడగలేదు. జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాను.