నెత్తిన సంచితో ఎడారి దాటినప్పుడు

ఈ మధ్య మా వీధి ఆడవాళ్లకు నడక పిచ్చి పట్టింది. తెల్లవారగానే కొత్త బూట్లు తొడుక్కుని ఖిలా వరంగల్ రాతి తోరణాల దాకా పోయి వస్తారు, ఎన్ని అడుగులు పడ్డాయో చేతి గడియారాన్ని అడిగి తెలుసుకుంటారు. మోకాళ్లు పట్టేసి గడపలో కూర్చున్న నన్ను మొన్న పొరుగింటి కోడలు పలకరించింది. "అవ్వా, నువ్వెప్పుడన్న గిట్ల నడిచినవా?" ఆ రోజంతా నా మనసు ఎన్నడో నడిచిన ఎడారి ఇసుకలోనే తిరిగింది.

నా చెల్లెలి బిడ్డ అప్పట్లో ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతుండేది. కాలేజీ వాళ్లు పిల్లలను రాజస్థాన్ ఎడారికి నడక క్యాంపుకు తీసుకుపోతున్నారని విని, తానూ పోతానని అన్నం మానేసి కూర్చుంది. కాజీపేట దాటి రైలెక్కని పిల్ల, పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. మా మరిది, అంటే చెల్లెలి భర్త, చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆలోచించి ఆలోచించి చివరికి నా మీద పెట్టాడు. "వదినె, నువ్వు ఎంబడి పోతె పంపుత. నువ్వు ఏడ ఆగితె అది గాడనే ఆగాలె." పిల్ల సంతోషంగా తలూపింది. నా సంగతి ఎవరూ అడగలేదు.

ఆరుబయట పడుకోవడమంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. చేను కాపలాకు పోయినా మంచె మీద కన్ను మూతపడేది కాదు. అట్లాంటి నేను, పాములొస్తాయో తేళ్లొస్తాయో తెలియని చోట గుడ్డ డేరాలో పడుకోవాలి, చాటుకు పోదామంటే చెట్టన్నది లేని చోట రోజులు గడపాలి. డేరాలూ నీళ్లూ ఒంటె బండి మీద వచ్చేవి, ఎవరి సంచి మాత్రం వాళ్లే మోసుకోవాలి. బడికి పెద్దగా పోనిదాన్ని, వీపుకు సంచి తగిలించుకోవడం నాకదే మొదలు. ఇసుక దిబ్బ మీద ముందుకు ఒక అడుగు వేస్తే సగం వెనక్కి జారేది, ఆ మిగిలిన సగం కూడా సంచి వెనక్కి గుంజేది. సాయంత్రానికి భుజాలు ఒరుసుకుపోయాయి, అందరికంటే వెనక నేనే చేరాను.

మరునాడు పొద్దున కూరగాయలు దించడానికి ఒక జీపు వచ్చింది. కాలేజీ నుంచి మా వెంట వచ్చిన సారు మర్యాదగా, మీరు ఈ జీపులో ఊళ్లోకి పోయి ఉండండమ్మా, చివరి రోజు మేమే వచ్చి కలుస్తామన్నాడు. దేవుడే పంపాడనుకుని ఎక్కి కూర్చున్నాను. అంతలో మా పిల్ల కూడా తన సంచి సర్దుకుని జీపు దగ్గరకు రావడం కనిపించింది.

"నువ్వెందుకే?" అన్నాను.

"నువ్వు ఆగిన కాడ ఆగుతనని బాపుకు మాటిచ్చిన గద పెద్దమ్మా."

ఏడ్వలేదు, నిష్ఠూరమాడలేదు, సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఇంకొక్క నిమిషం కూర్చుంటే ఆ పిల్ల కూడా ఎక్కేసేదే. నేను దిగాను.

చీర గోచి పెట్టి కట్టాను, నాట్లకు పోయినట్టు. పాత చీర చెంగు చించి చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద సంచిని ఎత్తుకున్నాను. నా వీపుకు బరువు తెలియదు గాని నెత్తికి తెలుసు. గడ్డిమోపులూ నీళ్ల బిందెలూ మోసి, కేసముద్రం మార్కెట్ యార్డులో వడ్ల గంపలు మోసిన నెత్తి అది. సంచి నెత్తికెక్కగానే నడుము దానంతట అదే నిలబడింది. ఆడపిల్లలు ఒకటే నవ్వు. "పెద్దమ్మా, గడ్డికి పోతానవా?"

"నవ్వుర్రి బిడ్డ, నవ్వుకుంటనే నడువుర్రి," అన్నాను.

మడమలు పొక్కి చితికాయి, ఎండకు పెదవులు పగిలాయి, అయినా దిబ్బల వంక చూడకుండా పిల్ల జడ వంకే చూస్తూ నడిచాను. దారిలో ఒకచోట బిందెల మీద బిందెలు పెట్టుకున్న ఆ దేశపు ఆడమనిషి ఎదురై, నా చుట్టబట్టను చూసి, తన చుట్టబట్టను వేలితో తాకి నవ్వింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఆ నవ్వు మాత్రం సాయంత్రం దాకా నన్ను నడిపించింది.

చివరి రోజు తారు రోడ్డు కనబడగానే మా పిల్ల సంచి విసిరేసి చిన్నపిల్లలా ఇసుకలో పొర్లింది. అక్కడి ఫోను బూత్ నుంచి మరిదికి ఫోను కలిపితే, అతను అడిగిన మొదటి మాట, "వదినె, నడిచినవా, బండెక్కినవా?" "నడిచినం" అని ఒక్క మాట చెప్పి ఫోను పిల్ల చేతికిచ్చాను. మిగతాదంతా ఆ పిల్ల నోటితోనే చెప్పనిద్దామని.

ఇప్పుడు ఆడపిల్లలు కొండలకూ అడవులకూ వాళ్లంతట వాళ్లే పోతున్నారు, ఎంబడి ఎవరు పోతాన్రని అడిగే తండ్రులు తగ్గారు. మేము కోరుకున్నదీ అదే, అయినా తోడు పొమ్మని అడిగేవాళ్లు లేని ఇంట్లో కూర్చుంటే ఒక్కోసారి చేతులు ఖాళీగా అనిపిస్తాయి. మా చెల్లె బిడ్డ ఇప్పుడు తానే పిల్లలను నడకలకు తీసుకుపోతుంది. సంచి సర్దుకునేటప్పుడు ప్రతిసారీ ఫోన్ చేసి, వస్తవా పెద్దమ్మా అంటుంది. ఆనాడు నన్ను కాపలాకు పంపారు, ఈనాడు నేనే కావాలని పిలుస్తున్నది. మోకాళ్లు ఒప్పుకోవు బిడ్డా అంటాను. నెత్తి మాత్రం ఇంకా ఒప్పుకుంటుంది.