ముత్తయ్య డోలు, నా టేపు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పదిహేనేళ్ళపాటు మైకుసెట్టు ఎడ్లబండిలో వేసుకుని ఏన్కూరు నుంచి టేకులపల్లి దాకా అడవి దారుల్లో తిరిగినవాణ్ణి. దయ్యమనేది ఉంటే అందరికంటే ముందు నాకే కనపడాలి. కనపడలేదు. అందుకని ఈ సంగతి కూడా దయ్యం కథ అనుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఎనభైల మొదట్లో మాట. ఆ గూడేలకు అప్పటికి కరెంటు లేదు. ఒక కారు బ్యాటరీ, ఆంప్లిఫయరు, రేడియో కూడా ఉన్న టేపురికార్డరు, రెండు హారన్లు. అదే నా ఆస్తి. రేడియోలో కొత్త పాట రాగానే క్యాసెట్టు మీదికి పట్టేవాణ్ణి. దాన్ని నేను పెళ్ళిలో వేసిన రోజే చాలా గూడేలు ఆ పాటను మొదటిసారి వినేవి.

మధ్యాహ్నం వార్తల వేళకు మాత్రం పాటలు ఆపి రేడియో పెట్టాల్సిందే. పెట్టకపోతే పెద్దలు ఊరుకునేవాళ్ళు కాదు. పెళ్ళికొడుకు ఎండలో నిలబడి మాడిపోతున్నా సరే, వానల కబురు విన్నాకే మిగతా పని.

ముత్తయ్య మామ ఏన్కూరు వైపు అడవిలో ఉండే కోయ పెద్దాయన. డోలు వాయించడంలో ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. కోయ గూడేల్లో డోలు చెవిన పడితే చాలు, ఏం జరిగిందో తెలిసిపోతుంది. పెళ్ళికి ఒక దరువు, చావుకి ఒక దరువు. చావుదరువు వినపడితే చేతిలో పని వదిలేసి బయల్దేరతారు. నాకు మాత్రం అన్నీ ఒకటే మోత.

ఒక పెళ్ళిలో ఆయన వాయిస్తుంటే టేపు మీదికి పట్టాను. తిరిగి వినిపిస్తే మురిసిపోయాడు. కాసేపయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, ఇది టేకులపల్లి దిక్కు గూడ ఏస్తవా?"

"ఏస్త మామా. ఎందుకు?"

"మా నాగమ్మ ఆడనే ఉన్నది. ఇంటది."

నాగమ్మ ఆయనకు ఒక్కతే కూతురు. తనకు నచ్చినవాడి వెంట వెళ్ళిపోయింది. అప్పటికి నాలుగేళ్ళుగా తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. ఇద్దరూ ఇద్దరే. ఈయన రమ్మనడు, ఆమె రాదు. లోపల మాత్రం ఆ మనిషి కూతురి కోసం కొట్టుకుపోతున్నాడని ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. చాలా జాలేసింది. కానీ ఆయన గూడెం నుంచి ఆమె గూడేనికి అడవిలో ఎనిమిది మైళ్ళు, ఆ ఏడాది అటువైపు నాకు బేరం తగల్లేదు.

ఆ క్యాసెట్టు ఏడాదిలో పది పన్నెండు పెళ్ళిళ్ళలో వేశాను. సగం కోయ గూడేల్లోనే. ఆడామగా ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని హాయిగా ఆడారు. ఒక్కరూ వంక పెట్టలేదు.

మరుసటి ఎండాకాలం నాగమ్మ ఉండే గూడెంలోనే పెళ్ళికి పిలుపు వచ్చింది. ముత్తయ్య మామ మంచాన పడ్డాడన్న సంగతి నాకు తెలియదు. ఆమెకూ తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం వార్తలు అవ్వగానే రేడియో ఆపి ముత్తయ్య క్యాసెట్టు పెట్టాను. నాగమ్మ పందిట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చుని విస్తళ్ళు కుడుతోంది. తండ్రి డోలని గుర్తుపడుతుందేమోనని ఆమె వైపే చూస్తున్నాను.

ఆడటానికి లేచినవాళ్ళు ఆగిపోయారు. ఒకరిద్దరు కాదు, అందరూ ఒకేసారి. పెళ్ళికూతురి మేనమామ నా మీదికి వచ్చాడు.

"ఏందయ్యా ఇది? పెండ్లింట్ల చావుదరువు ఏస్తవా?"

నా చెవికి అది ఎప్పటి మోతే. టేపు ఆపి క్యాసెట్టు తీసి చూశాను. 'ముత్తయ్య, పెళ్ళిడోలు' అని నా చేతిరాతే ఉంది. పెళ్ళిదేనయ్యా, నేనే పట్టానంటే వినేవాడు లేడు. అంతమందిలో నాకు తల కొట్టేసినట్టయింది.

నాగమ్మ లేచి నిలబడింది.

"అది మా నాయిన చెయ్యి," అంది.

కుట్టే విస్తరి అక్కడే పడేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో అడవిదారి పట్టింది. ఆపబోయినవాళ్ళను తోసుకుంటూ వెళ్ళింది. మొగుడు నీళ్ళబుర్ర పట్టుకుని వెనకాల పరుగెత్తాడు.

పొద్దు వాలుతుండగా తండ్రి గూడెం చేరుకుంది. ముత్తయ్య మామకు ఇంకా ఊపిరి ఉంది. కూతుర్ని గుర్తుపట్టాడు. ఆమె చేత్తో పోస్తే రెండు గుక్కలు జావ తాగాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. తెల్లారకముందే పోయాడు.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. మైకుసెట్టు వాడు పెళ్ళిలో చావు తెచ్చాడని నాలుగు గూడేల్లో అనుకుంటుంటే కోపం రాదా? పదిరోజులు పోయాక క్యాసెట్టు పట్టుకుని ముత్తయ్య గూడేనికి వెళ్ళాను. ఆయనతో కలిసి వాయించే ముగ్గురిని కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా వినిపించాను.

"పెండ్లిదే గదా," అన్నారు ముగ్గురూ.

బ్యాటరీ దిగితే టేపు నెమ్మదిగా తిరిగి పాట సాగుతుంది. ఆ రోజు అలా అయిందేమోనని దిగిపోయిన సెల్స్ వేసి మళ్ళీ వినిపించాను. నవ్వారు. మెల్లగా కొట్టినా పెళ్ళిదరువు పెళ్ళిదరువే, చావుకి దెబ్బలే వేరన్నారు. అయినా ఆ రోజు బ్యాటరీ పొద్దున్నే ఛార్జింగు చేసి తెచ్చిందే. క్యాసెట్టు రెండోవైపు రేడియో పాటలే. ఆ తర్వాత, పెళ్ళిలో నా మీదికి వచ్చిన మేనమామకు కూడా వినిపించాను. చాలాసేపు విని, ఆనాడు విన్నది ఇది కాదన్నాడు. ఇదేనని ఒట్టేసి చెప్పాను.

డోలు వాయించే ఆ ముగ్గురికీ వినిపించిన రోజు ముత్తయ్య భార్య బుచ్చమ్మత్త కూడా పక్కనే గోడకానుకుని కూర్చుని వింది. వాళ్ళు లేచి వెళ్ళేదాకా ఆగి నాతో మాట్లాడింది.

ఆ రోజు పొద్దున్నుంచి ఆయనకు చెయ్యి లేపే శక్తి లేదట. పక్కింటి బడిపంతులు రేడియోలో మధ్యాహ్నం వార్తలు అయిపోయాయి. నేను పెళ్ళిలో పెట్టిన వార్తలే అవి. అవి ముగియగానే ఆయన వేళ్ళు మంచం పట్టె మీద ఆడటం మొదలుపెట్టాయట. డోలు వాయించేవాడి భార్యకు దరువు తెలియకుండా ఉంటుందా? భయపడి చెయ్యి పట్టుకుందట.

"ఎవలు సచ్చిండ్రని గట్ల కొడ్తున్నవు అని అడిగిన," అంది బుచ్చమ్మత్త.

"ఏమన్నడత్తా?"

"బిడ్డకు కబురు పెడ్తున్న, చెయ్యి ఇడువు అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు, కొంగుతో నా క్యాసెట్టు మీది దుమ్ము తుడిచి చేతికిచ్చింది.

మైకుసెట్టులో ఏ వైరు తెగినా కళ్ళు మూసుకుని కనిపెట్టగలను. ఆ మంచం పట్టె మీది దరువు నా హారన్లోకి ఏ దారిన వచ్చిందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.