మూడు మేకుల దోమతెర

మా ఇంటి ఓనరు వీరరాఘవన్ గారికి రెండు విషయాల్లో అంతులేని నమ్మకం. ఒకటి, తన లెక్క తప్పదు. రెండు, తన తెలుగే అసలు తెలుగు. మొదటిదాన్ని నేనెప్పుడూ కాదనలేదు. ఆయన పుదుచ్చేరిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎన్నో ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నారు, నేనేమో కూరగాయల చిల్లర కూడా సరిగా చూసుకోలేను. రెండోదాని మీద మాత్రం ఒర్లియంపేటలో ఆయన ఇంటి పై వాటాలో నేను అద్దెకి దిగిన రోజు నుంచీ మా ఇద్దరికీ గొడవే.

నేను యానాం నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాను. సామాను దింపుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "యాడ నుంచి వస్తా ఉండారు తంబీ?" అని అడిగారు. యానాం నుంచండీ అన్నాను.

"ఓహో, మీది కొత్త తెలుగు. మావాళ్ళు ఈ పక్కకొచ్చి వందల ఏండ్లయింది. మాది కల్తీ లేనిది," అన్నారు. ఆ మాట అన్న నోటితోనే లోపలికి తిరిగి, "అమ్మా, తంబికి కొంచెం తన్ని తీసుకోని రా," అని కేకేశారు. వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. కల్తీ లేని తెలుగులో మంచినీళ్ళని తమిళంలో తన్ని అంటారని నాకు ఆ రోజే తెలిసింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మా స్నేహం అలా మొదలైంది.

మనిషికి యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే లెక్క కుదరలేదంటారు. కింద వాటాలో ఆయన, తల్లి జయమ్మాళ్ అవ్వ. కిరుమాంబాక్కంలో కౌలుకిచ్చిన కాస్త పొలం, ఒక పాత స్కూటరు. పొద్దున్నే కాలేజీకి, సాయంత్రం ఇంటికి, ఆదివారం పొలం గట్టుకి. దాచుకోవాల్సిన సంగతేదీ లేని బతుకు, ఒక్కటి తప్ప. ఆయనకి తెలుగు చదవడం రాదు.

అది తప్పేం కాదు. ఈ ఊళ్ళో తరాలుగా ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి రాదు. బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో నోటి తెలుగు. కాని కల్తీ లేనిదని మీసం మెలేసిన మనిషి ఆ మాట ఏ నోటితో చెబుతాడు? అందుకే ఎవరితోనూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు, ఈ ఏడు వాళ్ళ కాలేజీకి తేన్మొళి మేడమ్ ప్రిన్సిపాల్‌గా వచ్చేదాకా.

ఇక్కడి నుంచి జరిగిందంతా తర్వాత ఆయనే నాకు చెప్పారు, ఒక దోమతెర మధ్యలో కూర్చుని. ఆ సంగతి వస్తుంది, ఆగండి.

మేడమ్ రాగానే కొత్తగా చేరిన పిల్లలందరికీ రెండు పరీక్షలు పెట్టారు, లెక్కల్లో ఒకటి, రాయడంలో ఒకటి. రెండూ గట్టెక్కినవాళ్ళు నేరుగా డిగ్రీ క్లాసులో కూర్చుంటారు. ఏ ఒక్కటి తప్పినా ఫౌండేషన్ సెక్షన్. అంటే ఏడాది పాటు మళ్ళీ మొదటి నుంచి దిద్దుకోవడం, డిగ్రీ ఆ తర్వాతే. రాసే పరీక్ష మాత్రం ఏ భాషలోనైనా రాయొచ్చన్నారు మేడమ్. మాహే పిల్లలు మలయాళంలో, యానాం పిల్లలు తెలుగులో, ఎవరికి ఏది చేతనైతే అందులో. "పిల్లకి రాయడం వచ్చా అని చూస్తున్నాం. ఇంగ్లీషు వచ్చా అని కాదు," అని స్టాఫ్ మీటింగులో చెప్పి, తెలుగు పేపర్లు ఎవరు దిద్దుతారని అడిగారు.

మన వీరరాఘవన్ గారు చెయ్యెత్తారు.

తెలుగన్న మాట వినపడగానే చెయ్యి దానంతటదే లేచిందట. పైగా తెలుగులో రాసేవాళ్ళెవరూ ఉండరులే అని ఒక లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తప్పింది. ఒకే ఒక్క పేపరు వచ్చింది, యానాం పిల్లది. పేరు నాగకుమారి.

పేపరు చేతిలో పడగానే అటూ ఇటూ తిప్పి చూశారు, ఒక్క అక్షరం తెలిస్తే ఒట్టు. తప్పుకుందామని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. నోరు తెరిచేలోగా మేడమే, "మీరున్నారు గనక సరిపోయింది సార్. ఆ పిల్లకి లెక్కల్లో కాలేజీలోకెల్లా ఎక్కువ మార్కులు. దిద్దేవాళ్ళు లేకపోతే రూలు ప్రకారం ఖాళీ పేపరు కింద లెక్క, ఫౌండేషన్‌లో వెయ్యాల్సి వచ్చేది," అన్నారు. పేపరు స్టాఫ్ దాటి బయటికి పోకూడదు, శుక్రవారానికి మార్కు కావాలి అని కూడా చెప్పారు. ఆయన సరే మేడమ్ అని వెనక్కి వచ్చేశారు. లెక్కల్లో అందరికన్నా ముందున్న పిల్ల తన నోటిదురద వల్ల ఏడాది పోగొట్టుకోవడమా?

ఆ పేపరు చదవగలిగినవాళ్ళు కాలేజీలో ఒక్కరే ఉన్నారు, రాసిన పిల్ల. మర్నాడు మధ్యాహ్నం పిలిపించారు.

"ఇదిగోమా, నువ్వు రాసింది నువ్వే చదువు. నీ గొంతులో వింటే గదా నీ మనసు తెలిసేది," అన్నారు గంభీరంగా.

నాగకుమారి కళ్ళజోడు సర్దుకుని పేపరు తీసుకుంది. మీకు బాగా వచ్చిన పని ఒకటి, రానివాళ్ళకి అర్థమయ్యేలా రాయండి అన్నది ప్రశ్న. ఆ పిల్ల చదవడం మొదలుపెట్టింది.

"దోమతెరకి మూలలు నాలుగు. మా ఇంట్లో గోడకి మేకులు మూడే. మీ ఇల్లూ అలాంటిదైతే ఇది మీకోసం. ముందుగా ఇంట్లో అందరినీ మంచినీళ్ళు తాగి, పెరట్లోకి ఓసారి వెళ్ళొచ్చేయమనండి. ఎందుకో తర్వాత చెబుతాను."

మూడు మూలలు మూడు మేకులకి. నాలుగో మూలకి తాడు కట్టి, తాడు కొసకి పెద్ద ముడి వేసి, ఆ ముడిని తలుపు పైనుంచి అవతలికి జారవిడిచి తలుపు మూసెయ్యాలి. ముడి అవతల, తెర ఇవతల. ఇక తలుపే మేకు. ఆయనకి ఒళ్ళు పులకరించిందట. అది వ్యాసం కాదు తంబీ, నిరూపణ అన్నారు నాతో, ఒక్క మెట్టు కూడా వదల్లేదు అన్నారు.

కాని లెక్కల మాస్టారు కదా, సమాధానం రాగానే సరిపోదు, సరి చూడాలి. పిల్ల ఉన్నది చదువుతోందా, నోటికొచ్చింది చెబుతోందా? రెండో పేజీ మధ్యలో వేలు పెట్టి, "ఈడ ఇంకోతూరి చదువు," అన్నారు. చదివింది, ఇందాకటి మాటలే. మొదటి పేజీ చివర వేలు పెట్టారు. అదీ సరిపోయింది. ఇంకొక్కచోట చూద్దామని ఇంకో పేజీ పైన వేలు పెట్టారు.

పిల్ల ఆయన వేలి వంక, ఆయన ముఖం వంక చూసింది. "సార్, అది నా జవాబు కాదండి. ప్రశ్నని ఎత్తి రాసుకున్నాను," అంది.

ఆయన వేలు అక్కడే ఉండిపోయింది. పిల్లకి అంతా అర్థమైంది. "నవ్వింటే బాగుండు తంబీ. నవ్వలేదు. తల వంచుకోని, నేను పోయి రానా సార్ అనింది. నాకు తల కొట్టేసినట్టయింది," అన్నారు.

ఆ సాయంత్రం కింద వాటాలోంచి టకటకమని చప్పుడు. ఏదో పగలగొడుతున్నారనుకున్నాను. నిజానికి ఆయన పటకారుతో గోడకున్న నాలుగో మేకు పీకేస్తున్నారు. వాళ్ళింట్లో మేకులు నాలుగున్నాయట, ప్రయోగం న్యాయంగా జరగాలట. చప్పుడు ఆగాక ఏమైందో చూద్దామని దిగి వెళ్ళాను. తలుపు మూసి ఉంది. తోశాను.

లోపల ఏదో పడింది. ఆ వెంటనే జయమ్మాళ్ అవ్వ గొంతు. చూద్దును కదా, మంచం మీద అవ్వ తెల్లటి తెరలో చిక్కుకుని చేతులాడిస్తోంది. పక్కన వీరరాఘవన్ గారు నెత్తిన సగం తెరతో నిలబడి నన్ను మింగేసేలా చూస్తున్నారు.

"ఎవురు నిన్ను తలుపు తెరవమన్నింది?" అన్నారు.

నేను నోరు తెరవకముందే ఆయన ముఖం మారిపోయింది. అలాగే మంచం మీద కూలబడ్డారు. "రాసింది తంబీ. ఆ పిల్ల రాసింది. తెర కట్టకముందే ఇంట్లో అందరికీ చెప్పండి, తెల్లారేదాకా తలుపు తియ్యకూడదని. ఇంట్లో బాడిగకుండేవాళ్ళుంటే వాళ్ళకీ చెప్పండి అని రాసింది."

"నువ్వు చెప్పలేదా?" అంది అవ్వ తెరలోంచి.

"చెప్పలా."

"అయితే తప్పు నీది. ఆ పిల్లకి మార్కులెయ్యి," అంది అవ్వ. "నన్ను ముందు బయటికి తియ్యి."

అప్పుడు చెప్పారు నాకు మొత్తం కథ. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన గెలుపు. కాని నెత్తిన దోమతెరతో కూర్చున్న మనిషిని ఏమని ఎగతాళి చేస్తాం? కాఫీ పెట్టమంటారా అని మాత్రం అడిగాను.

మర్నాడు ఆయన ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి, "మేడమ్, నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు," అని చెప్పేశారు. ఆ ఒక్క మాటకి చొక్కా తడిసిపోయిందట. ఎలా దిద్దారో కూడా దాచకుండా చెప్పారు, దోమతెరతో సహా. మేడమ్ నాగకుమారిని పిలిపించి చదివించారు. వీరరాఘవన్ గారు ఒక్కో వాక్యానికీ తమిళంలో అర్థం చెప్పారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి మేడమ్ నవ్వాపుకోలేకపోయారు. పిల్లని పంపేశాక, మార్కు వెయ్యండి, బాధ్యత నాది అన్నారు. ఆయన హమ్మయ్య అనుకునేలోపు, "కింద నాలుగు మాటలు రాయాలి. పిల్ల ఏ భాషలో రాసిందో ఆ భాషలోనే, మీ చేత్తోనే. రూలు నేనే పెట్టాను, నేనే తప్పలేను," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి నా మెట్లెక్కి వచ్చారు. అద్దె కోసం కూడా ఏనాడూ ఎక్కని మనిషి.

"బాగా రాసినావు అని యెట్ట రాస్తారు?"

"బాగా రాశావు అనాలండీ," అన్నాను, చేతికి చిక్కాడు కదా అని.

"మా అమ్మ రాసినావు అంటాది. అట్టే రాసియ్యి."

అలాగే రాసిచ్చాను. పాత క్యాలెండరు వెనక ఆయన దిద్దుతుంటే చూశాను. సుద్దముక్క పట్టుకుని బోర్డంతా లెక్కలతో నింపే ఆ చెయ్యి ఒక్క "గా" దగ్గర మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. నేను వెక్కిరించడం మానేసి ఇంకో క్యాలెండరు కాగితం చింపి ఇచ్చాను.

నాగకుమారి డిగ్రీ క్లాసులో కూర్చుంది. పిల్లలు చూసుకోవడానికి పేపర్లు తిరిగి ఇచ్చారు. వారం తర్వాత ఆ పేపరు మడతపెట్టి వీరరాఘవన్ గారి బల్ల మీద ఉంది. ఆయన రాసిన మాట కింద ఎర్ర ఇంకుతో ఒకటిన్నర వరుస, గుండ్రటి తెలుగు అక్షరాలు. అది జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి సగం మెట్లెక్కి, ఏమనుకున్నారో దిగి వెళ్ళిపోయారు. అడుగుల చప్పుడు నాకు వినపడింది. మర్నాడు మాత్రం, ఒకటో క్లాసు తెలుగు పుస్తకం దొరుకుతుందా తంబీ అని అడిగారు. యానాం నుంచి తెప్పించి ఇచ్చాను. అప్పటి నుంచి సాయంత్రం పూట కింద వాటాలో అక్షరాలు వినిపించేవి. మధ్యమధ్యలో అవ్వ, "అట్ట కాదేమోరా," అనేది, తనకీ రాకపోయినా.

మొన్న శనివారం భోజనాలయ్యాక అవ్వ నన్ను కిందికి పిలిచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేపరు పట్టుకుని కూర్చున్నారు. సాయం చేద్దామని ఒంగితే చేత్తో వద్దన్నారు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం మీదా ఆగి, చెమటలు కక్కుతూ చదివారు.

"సార్, మీరూ బాగా రాసినారు. కాని మీది ఫౌండేషన్ సెక్షన్. శనివారం మధ్యాహ్నం లైబ్రరీకి రండి."

వీరరాఘవన్ గారు తన భాషలో తానుగా చదివిన మొదటి మాటలు అవి. నాకు కళ్ళు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేం లేదు.

జయమ్మాళ్ అవ్వకి మాత్రం కోపం వచ్చింది. "ఏందిరా, నిన్న గాక మొన్నొచ్చిన పిల్ల, నిన్ను ఫెయిల్ చేసేసిందా?"

ఆయన అప్పటికే స్కూటరు తాళం వెతుక్కుంటున్నారు.

"లేదుమా," అన్నారు. "చేర్చుకునింది."